కవచం, కట్టు, ఒకే ఫోను

రిటైరయ్యాక నాకు దొరికిన అసలైన సుఖం శుక్రవారం పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా తినడం. ఉద్యోగంలో ఉన్నంతకాలం శుక్రవారమంటే హడలు. ఆన్‌లైన్ ఆటలో మేం చేసిన మార్పులన్నీ జనం ఫోన్లలోకి వదిలే రోజు అది. ఆ మార్పుల మూటను ప్యాచ్ అంటాం. అది బయటికి వెళ్లిన కాసేపటికే ఎవరో ఒకరు మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టేవారు. ఆ తిట్లలో సగం న్యాయమైనవే కావడం ఇంకా బాధ. ఇప్పుడు శుక్రవారం వస్తే ఆదోనిలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఈ వారం ఎవరికి తిట్లు పడుతున్నాయో పాపం అనుకుంటూ రెండో బజ్జీ అందుకుంటాను.

నా పేరు వసుంధర. మొదట ఆదోనిలో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. తర్వాత హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. అక్కడ నా పని ఆటలోని పాత్రలకు శక్తులు రూపొందించడం. నేను కంప్యూటర్లు బాగుచేసేదాన్నని మా బంధువుల్లో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. వాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి వదిలేశాను. కానీ ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కూడా దాన్ని తప్పుగానే అర్థం చేసుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో ఇందులో వెతకొద్దు. అవి నాకే సరిగా గుర్తులేవు.

తీసుకున్నవాడు రేపు ఏం చేస్తాడు?

మా ఆటకు కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆడేవాళ్లంతా దాన్ని కోటల ఆట అనేవాళ్లు. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు ఫోన్లలో కలుసుకుని, దండుగా కూడి, కోటలు పట్టాలి. ఆటలోకి రాగానే విలుకాడు, కావలివాడు, మాంత్రికుడు, వైద్యుడు, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. దాన్ని క్లాస్ అంటాం. ఆడేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. లెవెల్ పెరిగినప్పుడల్లా కొత్త శక్తి ఒకటి ఎంచుకోవచ్చు. ఇద్దరు విలుకాళ్లు ఒకే క్లాస్ అయినా ఒకేలా ఉండకూడదు. వాళ్లను వేరుచేసేది ఆ ఎంపికలే. ఆ ఎంపికలు తయారుచేయడమే నా కొలువు.

నేను మొదట చేసిన విలుకాడి శక్తులు చూసి మా బాస్ రఘునాథ్ ఒక్క మాటతో గాలి తీసేశాడు. నాకన్నా వయసులో చిన్నవాడు. మనిషి మహా చురుకు, మాట మహా కటువు. నేను ఎంతో కష్టపడి బాణం దెబ్బ కొంచెం పెరగడం, గురి కొంచెం పెరగడం, ఓపిక కొంచెం పెరగడం అని వరసగా పేర్చాను. లెక్కలన్నీ పక్కాగా కుదిరాయి. లెక్కల టీచర్ని కదా, అవి కుదిరితే చాలని పొంగిపోయాను.

"వసుంధర గారూ, ఇది తీసుకున్నవాడు రేపు ఏం వేరుగా చేస్తాడు?" అన్నాడు రఘునాథ్.

"దెబ్బ ఎక్కువ కొడతాడు" అన్నాను.

"చేసే పని ఏం మారుతుందని అడుగుతున్నాను. నిన్న ఏ బటన్ నొక్కాడో రేపూ అదే నొక్కుతాడు. మీరు ఇచ్చింది ఎంపిక కాదు, ఇంక్రిమెంటు."

ఆ రోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి వచ్చి కూర మాడ్చుకున్నాను కూడా. కానీ ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. శక్తి ఎంచుకున్నాక ఆటగాడి చెయ్యి వేరే రకంగా కదలాలి, కన్ను వేరే చోట వెతకాలి. అది జరగకపోతే మీరు ఎన్ని రంగుల బొమ్మలు పెట్టినా అది ఉత్త అలంకారం.

తర్వాత విలుకాడికి రెండే దారులు పెట్టాను. ఒక దారిలో కదలకుండా నిలబడి కొడితే బాణానికి బలం ఎక్కువ. రెండో దారిలో పరిగెడుతూ కొడితేనే బాణం సాగుతుంది, నిలబడితే సాగదు. అంతే, మొదటి దారివాళ్లు కోట దగ్గరికి రాగానే చాటుకు బండరాయి ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు. రెండో దారివాళ్లు గోడ పక్కకే పోయేవాళ్లు కాదు. పేరు చూడకుండానే తెర మీది నడక చూసి, వీడు ఫలానావాడు అని చెప్పగలిగేదాన్ని. నా ఉద్యోగంలో నేను నిజంగా గర్వపడిన సందర్భాల్లో అదొకటి.

అందరూ ఒకటే తీసుకుంటుంటే

మాంత్రికుడి దగ్గర నాకు వేరే పాఠం దొరికింది. ఎక్కువ శక్తులిస్తే ఎక్కువ స్వేచ్ఛ అనుకుని కుప్పలు కుప్పలుగా మంత్రాలు ఇచ్చాం. తీరా చూస్తే ఆటలోని మాంత్రికులంతా అచ్చుగుద్దినట్టు అవే కొన్ని మంత్రాలు పెట్టుకుని తిరుగుతున్నారు. ఎవడో ఒక ఆటగాడు తన అమరిక ఇంటర్నెట్‌లో పెడితే మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని దించేశారు. మా ఆఫీసులో అందరూ ఆటగాళ్లను ఆడిపోసుకున్నారు, సొంత బుర్ర లేదని.

నాకు మాత్రం ఆదోని బట్టల దుకాణాలు గుర్తొచ్చాయి. పెళ్లి బట్టలకు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఇక్కడికే వస్తారు. దుకాణంవాడు పరుపు మీద చీరలు గుట్టగా పోస్తాడు. పాపం ఆ తల్లికి కళ్లు తిరిగి, ఇంతకుముందు వచ్చినవాళ్లు ఏం తీసుకున్నారో అదే ఇవ్వప్పా అంటుంది. ఆమెకు బుర్ర లేక కాదు. ఒక చీరకూ ఇంకో చీరకూ తేడా తెలుసుకునే తీరిక దుకాణంవాడు ఇవ్వలేదు. మేమూ అదే చేశాం. మంత్రాలు సగానికి పైగా తీసేసి, మిగిలినవాటిలో ఒకటి తీసుకుంటే ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చేలా కట్టాం. జనం ఒంటికాలి మీద లేచారు. కొన్నాళ్లకు మాంత్రికులు రకరకాలుగా కనబడటం మొదలైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. ఆటగాడు నొప్పి అంటే నమ్మండి. మందు కూడా ఆయన్నే చెప్పమంటే మాత్రం చిక్కుల్లో పడతారు. నొప్పి ఎక్కడుందో చూడటం మన పని. దానికి ఆడేవాళ్ల పక్కన కూర్చోవాలి. రఘునాథ్‌కు ఉన్న లోపం అదే. అంత తెలివైనవాడు, మనుషులు ఆడుతుండగా ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. గ్రాఫులు చూసేవాడు.

వైద్యుడి రెండు చేతులు

కరోనా కాలంలో నేను ఆదోనికి వచ్చేశాను. తర్వాత హైదరాబాద్ తిరిగి వెళ్లాలనిపించలేదు. కంపెనీని ఒప్పించి, ఒక బట్టల దుకాణం మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకున్నాను. ఈ చుట్టుపక్కల ఆడేవాళ్లను పిలిచి, వాళ్లు ఆడుతుంటే చూసేవాళ్లం. గది బాధ్యత ఇమ్రాన్‌ది. ఆదోని కుర్రాడు, లెక్కలు పీల్చి పిప్పి చేసే రకం.

వైద్యుడి క్లాస్ నాకు చాలా ఇష్టమైనది. దానికి కూడా రెండు దారులు పెట్టాను. ఒకటి కవచం. దెబ్బ పడకముందే, పడబోయేవాణ్ణి పసిగట్టి వాడి మీద కవచం వేయాలి. రెండోది కట్టు. దెబ్బ తిని పడిపోయినవాడి దగ్గరికి పరిగెత్తి కట్టు కట్టి లేపాలి. కవచం వేసేవాళ్లకు ముందుచూపు కావాలి. కట్టు కట్టేవాళ్లకు తెగింపు కావాలి. ఒక దారిలోంచి ఇంకో దారిలోకి ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఖర్చు లేకుండా మారొచ్చని వదిలేశాం.

రఘునాథ్‌కు ఆ వదిలేయడం నచ్చలేదు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకుంటే అది ఎంపిక ఎలా అవుతుంది? వెనక్కి తీసుకోలేనిదే ఎంపిక. వచ్చే ప్యాచ్‌లో తాళం వేసేద్దాం. ఒకటి ఎంచుకుంటే రెండోది శాశ్వతంగా పోవాలి" అన్నాడు.

నాకూ ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. బరువు లేని ఎంపిక ఎంపికే కాదని అప్పటికే పదిమందికీ చెప్పి ఉన్నాను. కాకపోతే ఎందుకో మనసు ఒప్పలేదు. కారణం అడిగితే చెప్పలేను. చెప్పలేకపోయాను కాబట్టి తాళానికి శుక్రవారం ముహూర్తం పెట్టేశారు.

ఎర్రకొంగు

ఆ వారమే ఇమ్రాన్ లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఎర్రకొంగు అనే పేరుతో ఆడుతున్న వైద్యుడి పాత్ర మీద అతనికి అనుమానం.

"అక్కా, ఇది మనిషి కాదు. ఏదో మిషన్ పెట్టి ఆడిస్తాండారు. మధ్యాన్నం అంతా కవచమే. సాయంత్రం అంతా కట్టే. చెయ్యి అస్సలు కలవదు. మధ్యాన్నం మెల్లగా ఒక్కో అడుగేస్తాది, సాయంత్రం గుర్రం మాదిరి పరిగెత్తుతాది. కంపెనీ రూల్ ప్రకారం ఖాతా మూసేయాల" అన్నాడు.

"ఎవరిదది?"

"ఎమ్మిగనూరు. సువార్త అని పేరుండాది. మన గదికి ఒకసారి వచ్చింది అక్కా, కుట్టు పని చేసే అమ్మాయి."

ఖాతా మూసేయడం ఒక్క బటన్ పని. చూడకుండా ఆ బటన్ నొక్కే అలవాటు నాకు లేదు. పైగా ఎమ్మిగనూరు మాకు ఎంత దూరమని. ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కాను.

మగ్గాల చప్పుడు వినబడే సందులో ఆ ఇల్లు. లోపల ఇద్దరు ఆడవాళ్లు, చర్చికి పోయి వచ్చినట్టున్నారు, ఇంకా మంచి చీరల్లోనే ఉన్నారు. సువార్త నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. మంచం మీద మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నావిడ ఆమె అత్త మరియమ్మ. పత్తి చేలల్లో పని చేసీ చేసీ మోకాళ్లు అరిగిపోయి, ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటోంది. సువార్త భర్త లారీ తోలుతాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే.

"ఓ, ఆ ఆట సేసిన మేడమ్మవి నువ్వేనా? రామ్మా, కూసో" అంది మరియమ్మ.

"ఎర్రకొంగును ఆడేదెవరు?" అని అడిగాను.

"నేనే" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ నా మొహమే చూశారు.

మరియమ్మ ముందు అందుకుంది. "ఆయమ్మ పొద్దున్నే కుట్టుపనికి పోతాది మేడమ్మా. మధ్యాన్నం నేను ఆడతాను. కవచం నాది. ఆయమ్మకు కవచం ఏసేది రాదు. ఎవునికి దెబ్బ తగలబోతాదో ముందే సూసుకోవాల గదా, ఆయమ్మకు అంత నిదానం యాడిది?"

సువార్త కూడా నాకే చెప్పింది. "కవచం ఏసుకోని కూసుంటే కోట పడతాదా అక్కా? పడిపోయినోళ్లను లేపేదెవురు? నేను సాయంత్రం వచ్చినాంక కట్టు పెట్టుకుంటాను. ఆమెకు పరిగెత్తేది సేతకాదు, ఆటలో గూడా."

"ఈ మాటలు మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకోవచ్చు కదా" అన్నాను నవ్వుతూ.

ఇద్దరూ నవ్వలేదు. "మాకు మాటల్లేవు" అంది మరియమ్మ.

సంగతి మెల్లగా బయటికొచ్చింది. క్రిస్మస్ ముందు నందవరంలో మరియమ్మ చెల్లెలి ఇంటికి పోయారట. అక్కడ పదిమంది ముందు మరియమ్మ, ఆలూరోళ్లకు జొన్నరొట్టె తట్టేది రాదు అన్నదట. సువార్త పుట్టిల్లు ఆలూరు. ఆ మాట ఆమెకు తగలాల్సిన చోట తగిలింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. వేసవి వచ్చేసినా లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకో, గేదెకో, వచ్చిన చుట్టానికో చెబుతారు. ఆ రోజు నేను దొరికాను.

"ఫోను నువ్వు పనికి తీసుకుపోవా?" అని సువార్తను అడిగాను.

"లేదక్కా. ఇంట్లో ఉండేది ఒకటే ఫోను. ఆయమ్మ మోకాళ్లు పట్టేస్తే ఎవురినన్నా పిలిచేదానికి ఉండాల గదా" అంది. నాకు చెప్పే మాటే గానీ, మంచం దాకా వినబడేంత గట్టిగా అంది.

మరియమ్మ ఊరుకుంటుందా? "నేను గూడా సాయంత్రానికి ఎర్రకొంగు సంచిలో మూలికలు నింపిపెడతాను మేడమ్మా. నింపకుంటే ఆయమ్మ ఏం కట్టు కడతాది, గుడ్డపేలికలా?" అంది.

ఇమ్రాన్ లెక్కల్లో మిషన్ లాగా కనబడింది ఇదన్నమాట. మాటలు మానేసిన ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి కోసం ఒకరు సంచి నింపి, ఫోను వదిలి, ఒకే పాత్రను చెరో చేత్తో నడుపుకుంటున్నారు.

ఆదివారం కోట

"ఉండక్కా, కోట సూసిపో" అంది సువార్త. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్ల దండు ఒక కోట మీదికి పోతుందట. ఆ రోజు మాత్రం ఇద్దరూ ఇంట్లో ఉంటారు.

పొద్దు వాలుతుండగా మొదలైంది. ముందు మరియమ్మ ఆడింది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, పెదాలు బిగించి, గోడ మీది శత్రువు విల్లు ఎత్తకముందే కిందున్నవాడి మీద కవచం వేస్తోంది. దండులో ఒక్కడికీ గీత పడలేదు. సువార్త తలుపు దగ్గర కూర్చుని, పట్టనట్టు మల్లెపూలు కడుతోంది. దండు కోట వాకిలి విరగ్గొట్టి లోపలికి దూసుకుపోగానే మరియమ్మ ఫోనును కిటికీ గట్టు మీద పెట్టింది. ఒక్క మాట లేదు. సువార్త పూలు వదిలేసి ఫోను అందుకుంది. రెండు సార్లు తడితే కవచం పోయి కట్టు వచ్చింది. ఇక చూడాలి, పడినవాణ్ణల్లా లేపుకుంటూ పరుగే పరుగు. కోట పడిపోయింది. తోటి దండువాళ్లు ఎర్రకొంగుకు జేజేలు కొడుతున్నారు.

ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. అదే సమయంలో నాలోని ఉద్యోగికి దడ కూడా పుట్టింది. యుద్ధం మధ్యలో శక్తులు మార్చుకోగలిగితే వైద్యుడికి లోటనేది ఉండదు. ఏమీ వదులుకోనివాడు ఏమీ ఎంచుకోనట్టే. రఘునాథ్ అన్నది నిజమే. ఆ నిజం ప్రకారం తాళం వేస్తే మాత్రం ఈ ఇంట్లో ఒకరి చెయ్యి శాశ్వతంగా ఆగిపోతుంది.

శుక్రవారం రాబోయే మార్పు గురించి చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"ఒకటి తీసేస్తే ఇంగొకరు ఏం సేయాల మేడమ్మా?" అంది మరియమ్మ.

సువార్త కొంగుతో ఫోను అద్దం తుడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఒకటే దిగులు. ఆ ఇద్దరి మధ్య ఇంకా తెరిచి ఉన్న సందు అదొక్కటే, దాన్ని మూసేది నా చేతులతో చేసిన ప్యాచ్.

మజిలీ

సోమవారం రఘునాథ్‌తో వీడియోలో మాట్లాడాను. అంతా చెప్పాను. ఆయన విన్నాడు. మంచి గుణం అది, వాదించే ముందు పూర్తిగా వింటాడు.

"ఒక పాత్రను ఒక్కరే ఆడాలన్నది నియమం కదా వసుంధర గారూ. ఇద్దరు అత్తాకోడళ్ల కోసం ఆట మారుస్తామా?"

"ఇద్దరి కోసం కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికో ఫోను. ఒక పాత్ర అంటే ఒక మనిషి అని మనం హైదరాబాద్‌లో కూర్చుని అనుకున్నాం. మా ఇమ్రాన్ మిషన్లనుకున్న ఖాతాలన్నీ మళ్లీ చూస్తే ఎన్ని కాపురాలు బయటపడతాయో మీకేం తెలుసు?"

"అయితే ఏమంటారు? మధ్యలో మార్చుకోనిద్దామా? అలాగైతే ఎంపికకు విలువేం ఉంటుంది?"

"మధ్యలో వద్దు. అక్కడ మీ మాటే సరైనది" అన్నాను. బాస్‌తో ఆ మాట అనడానికి నాకు ఎప్పుడూ నోరు రాదు గానీ, ఆ రోజు వచ్చింది. "రెండు అమరికలూ దాచుకోనిద్దాం. కోట బయట దండు ఆగే మజిలీ గుడారాలున్నాయి కదా, మార్చుకోవడం అక్కడే. వాకిట్లో అడుగు పెట్టాక ఏది పెట్టుకుని వచ్చారో దానితోనే బతకాలి, చావాలి. ఏదీ శాశ్వతంగా పోదు. కానీ ప్రతి కోట ముందూ ఏదో ఒకటి వదులుకోవాలి."

"రేపు వాళ్లు ఏం వేరుగా చేస్తారు?" అన్నాడు రఘునాథ్. ఆయనకు అది ఊతపదం.

"లోపలికి పోయేముందు ఆలోచించుకుంటారు."

"గురువారంలోపు చేసి చూపించండి. బాగుంటే తాళం ఆపుతాను."

ఇమ్రాన్, నేను తిండి మరచి పని చేశాం. తాళం ఆగింది. శుక్రవారం మజిలీ మార్పు వెళ్లింది. ఇంతకుముందులాగే తిట్లు వచ్చాయి గానీ, అవి నా ఒంటికి తగల్లేదు. ఇమ్రాన్ ఎర్రకొంగు పేరు పక్కన ఉన్న అనుమానం గుర్తు తీసేసి, "ఇంగ మూసేది లేదక్కా" అన్నాడు. ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాను.

పీల్చుకున్న ఊపిరి ఆదివారం వరకే. ఎర్రకొంగు దండు ఆ ఆదివారం ఘోరంగా ఓడిపోయింది. రికార్డింగ్ చూస్తే విషయం తెలిసిపోయింది. మరియమ్మ ఎప్పట్లాగే కవచంతో వాకిలి దాకా తీసుకుపోయి ఫోను గట్టు మీద పెట్టి ఉంటుంది. సువార్త అందుకుని ఉంటుంది. మార్చబోతే మారదు. కవచం ఎలా వేయాలో ఆమెకు తెలియదు, కట్టు లేదు. ఎర్రకొంగు ఆ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండగానే అందరూ పడిపోయారు. దండువాళ్లు నోటికొచ్చినట్టు తిట్టారు. తాళం తప్పించాననుకున్నాను, వాళ్ల ఆటే పాడుచేశానా అని వారమంతా కుమిలిపోయాను. ఫోన్ చేద్దామంటే ధైర్యం చాలలేదు. ఎంత పెద్ద ఉద్యోగమైనా కొన్నిసార్లు మనిషిని ఇలా దద్దమ్మను చేస్తుంది.

మరుసటి ఆదివారం సాయంత్రం కోట వేళకు కొంచెం ముందు ఫోన్ మోగింది. మరియమ్మ.

"ఏం పని సేసినావు మేడమ్మా నువ్వు? నీకేమన్నా న్యాయముండాదా? లోపలికి పోయినాంక మార్సుకునేదానికి లేదంట. పోయిన వారం మానం పోయింది మాది. ఆ విలుకాడు నోటికొచ్చినట్ల అన్నాడు. ఇంగ ఈ మనిషితో ముందే కూసోని తేల్సుకోవాలంట! యా మొగం పెట్టుకోని అడగాల నేను?"

"తప్పలేదమ్మా..." అని ఏదో నసిగాను. అటువైపు అడుగుల చప్పుడు. మరియమ్మ ఇంకా నన్ను కడుగుతూనే ఉంది. ఆ కడుగుడు మధ్యలో సువార్త గొంతు దగ్గరగా వినబడింది. అది నాతో మాట్లాడుతున్న గొంతు కాదు.

"ఫోను ఇయ్యత్తా. ఆడ మనోళ్లంతా మజిలీ కాడ నిలబడుకోని ఉండారు."

మరియమ్మ తిట్టడం ఆపేసింది. ఎంత ఆపేసిందంటే, ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు కూడా నాకు వినబడింది. నేను ఫోను చెవి దగ్గరే పట్టుకున్నాను.

"ఏం పెట్టుకోని పోదాం? నువ్వే సెప్పత్తా" అంది సువార్త.

"రా, కూసో ఈడ. సెప్తాను" అంది మరియమ్మ. "ఈ కోటకు గోడల మీద శానా మంది ఉండారు. ముందు..."

ఫోన్ కట్ అయింది. నాకు ఉంటానని కూడా చెప్పలేదు ఎవరూ. నేను ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని, మేడ మీద గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. అంత హాయిగా అంతకుముందు ఎప్పుడు ఏడ్చానో గుర్తులేదు. ఆ సాయంత్రం వాళ్లు కవచం పెట్టుకున్నారో కట్టు పెట్టుకున్నారో, కోట పడిందో లేదో, నేను రికార్డింగ్ తెరిచి చూడలేదు.